చెవిమామ, చిక్కుడుకాయ

ఆ కార్ఖానాలో కాలిన మట్టిగొట్టం ఒక్కటి కూడా చెవిమామ సుత్తిదెబ్బ తినకుండా గేటు దాటేది కాదు. అవి మురుగునీళ్లు పోవడానికి వీధుల కింద పాతే గొట్టాలు. పాతాక పగిలిందంటే వీధంతా మళ్లీ తవ్వుకోవాలి, జనం చేత తిట్లు తినాలి. అందుకని బట్టీలోంచి దించి చల్లార్చిన ప్రతి గొట్టాన్నీ ఒక మనిషి కొయ్య సుత్తితో కొట్టి వింటాడు. గట్టి సరుకైతే ఖంగుమంటుంది. లోపల ఎక్కడో కంటికి ఆనని పగులుంటే టప్పుమని చచ్చుగా ఊరుకుంటుంది. ఖంగుమన్నదాని మీద సుద్దముక్కతో ఒక సున్నా చుడతాడు. టప్పుమన్నది పెంకుల కుప్పలోకి పోతుంది. ఆ వినే మనిషే చెవిమామ. అసలు పేరేమిటో జీతాల గుమాస్తాకి తెలిస్తే తెలియాలి గాని, మిగతా అందరికీ చెవిమామే.

అతని గొప్పేమిటంటే, పక్కన మట్టి నూరే మర గడగడలాడుతూ తిరుగుతున్నా గొట్టం గొంతు పోల్చేసేవాడు. ఆ మర దగ్గర నిలబడితే మనకి మన అరుపే వినపడదు. అటువంటి చోట, అటు తిరిగి టీ తాగుతూ, వెనక ఎవరో దించుతున్న గొట్టం చప్పుడు విని, "దాన్ని పక్కన పెట్టండ్రా, చచ్చిందది" అనేవాడు. నీళ్లు పోసి చూస్తే నిజంగానే చెమ్మ దిగేది. ఇంకేం, మీసం మెలేసేవాడు. మనిషన్నాక మురిసిపోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా! కొందరికి సొంత ఇల్లు, కొందరికి పిల్లల చదువులు. ఇతనికి చెవులు.

ఆ చెవులంటే గిట్టనిది ఒక్క బావకే. బావ బట్టీ మంట చూసే మనిషి, చెవిమామ భార్యకి స్వయానా అన్న. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, బావా అంటూనే తిట్టుకుంటారు. గొట్టం పగిలిందంటే మంట తప్పు, మంట తప్పంటే బావ తప్పు. "నా బట్టీలో ఏదీ పగల్లేదు, నీ చెవిలో పగిలింది!" అని అతను ఎగిరేవాడు. "అంత బాగుంటే మీ ఇంటి కింద పాతుకో పో" అని ఇతను. పని దిగాక ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పేకాడుకునేవాళ్లు. అక్కడా తిట్టుకునేవాళ్లనుకోండి.

అలాంటి చెవులు మొరాయించడం మొదలుపెట్టాయి. ఎప్పటినుంచో చెప్పడం కష్టం. మొదట పోయింది వంటింట్లో కుక్కరు ఈల.

"అది కూసి కూసి చస్తోంది, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటారేం? లేచి స్టవ్వు కట్టేస్తే అరిగిపోతారా?" అని భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి అరిచింది.

చెవిమామ తెల్లమొహం వేశాడు. కుక్కరు కూసిందా? భార్య దాన్ని మొగుడి బద్ధకం కింద జమకట్టేసింది. పెళ్లయిన నాటినుంచీ ఇంట్లో మాట పెడచెవిన పెట్టే మనిషి, ఇప్పుడు నిజంగానే వినపడక ఊరుకుంటున్నాడని ఆవిడకెలా తెలుస్తుంది? ఆ చెడ్డపేరు అతనికి పెద్ద అండ అయింది. ఆవిడ సణిగినకొద్దీ హమ్మయ్య అనుకునేవాడు.

తర్వాత తలుపు గంట, ఆ తర్వాత ఫోను మోత. ఆఖరికి ఒక పొద్దున గొట్టం మీద సుత్తి వేస్తే ఏమీ రాలేదు. మళ్లీ వేశాడు. దూది మూట మీద కొట్టినట్టుంది. గొట్టం మోసుకొచ్చినవాడు ఏమంటాడా అని చూస్తున్నాడు. చెయ్యి దానంతటది సుద్ద తీసి సున్నా చుట్టేసింది.

ఇక ఆ రోజు నుంచి ముళ్ల మీద కూర్చున్న బతుకే. ఎడమ అరచెయ్యి గొట్టానికి ఆనించి కొట్టేవాడు. మంచిదైతే అరచేతిలో జలజలమని అదురు తెలిసేది, చచ్చినదైతే అదురుండదు. పలచటి గొట్టాలకి ఆ ఉపాయం పనికొచ్చేది. కాస్త మందమైతే ఏమీ తెలిసేది కాదు. అప్పుడు మోసేవాళ్ల మొహాలు చూసేవాడు. వాళ్లు ఎటో చూస్తుంటే ఏదో ఒకటి అనేసేవాడు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే దొరికిపోతానని గోడకి వీపు ఆనించి నిలబడడం, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. తెలిస్తే ఏమవుతుంది? ఊడ్చే పని ఇస్తారు, లేదా ఇంటికి పొమ్మంటారు. అతని భయం అది కాదు. చెవుల్లేని చెవిమామ ఎవడు?

ఒక్కటే విచిత్రం. గొట్టం పగిలిందని బయటినుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. బావ కూడా ఈమధ్య గొడవకి రావడం మానేశాడు. వయసు మీదపడి మెత్తబడ్డాడులే అనుకుని, చెవిమామ తన అరచేతి తెలివికి తనే మెచ్చుకున్నాడు.

అటువంటి రోజుల్లో వచ్చింది బొమ్మలమ్మాయి. జుట్టు నెత్తిన ముడేసుకుని, మోచేతుల దాకా మట్టి పూసుకుని తిరిగే శిల్పి. పార్కులో పెట్టడానికి కాల్చిన మట్టితో రెండంతస్తుల ఎత్తు చిక్కుడుకాయ చేస్తుందట! అంత పెద్ద బట్టీ ఊరు మొత్తానికి ఇక్కడే ఉంది. పనివాళ్లకి కొన్నాళ్లపాటు నవ్వుకోవడానికి ఇంకేం అక్కర్లేకపోయింది. ఇంత కాయకి తీగె ఎంతుండాలి, ఆ తీగెకి పందిరి ఎవరు వేస్తారు అని ఒకటే వాగుడు.

"ఏనుగో సింహమో చెయ్యరాదటమ్మా? చిక్కుడుకాయేంటి?" అని బావ అడిగాడు.

"ఏనుగు కడుపులో ఎవరు కూర్చుంటారు బాబాయ్?" అని ఆ అమ్మాయి నవ్వింది. పక్కనే ఉన్న చెవిమామకి ఆ మాట వినపడలేదు. అందరూ నవ్వారు గనక తనూ నవ్వాడు.

నిలువునా విచ్చుకున్న కాయ అది, ఆకుపచ్చ మెరుపు పూతతో. ఒకేసారి కాల్చడం కుదరదు గనక ముక్కలు ముక్కలుగా చేసి, విడివిడిగా కాల్చి, పార్కులో ఇనుప చట్రం మీద ఒకదానిపై ఒకటి పేర్చి అతకాలి. ఒక్కో ముక్క ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందనంత. డొప్ప లోపలికి వంగే చోట ఉండే ముక్కని భుజం అనేవాళ్లు, కుడి డొప్పకి ఒకటి, ఎడమ డొప్పకి ఒకటి. అన్నిటిలోకీ మందమైనవి ఆ రెండే, ఎందుకంటే పై ముక్కల బరువంతా మోసేది అవే.

ముక్కలు బట్టీ దిగాయి. లారీ వచ్చి నిలబడింది. "మామయ్యగారూ, మీరు ఊఁ అంటేనే ఎక్కిస్తాం" అంది బొమ్మలమ్మాయి. చెవిమామ ఒక్కొక్కదాని మీదా సుత్తి వేస్తూ పోయాడు. చిన్న ముక్కల సంగతి అరచేతికి కొంతలో కొంత తెలిసింది. భుజాల దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి కూడా మొద్దుబారిపోయింది. బండరాయిని పట్టుకున్నట్టుంది.

బొమ్మలమ్మాయి అతని ఎదురుగా వచ్చి, మర వైపు చెయ్యి చూపిస్తూ గట్టిగా అడిగింది. "మర ఆపించమంటారా? చప్పుడు లేకపోతే మీకు ఇంకా బాగా వినపడుతుందేమో."

మర ఆపితే? ఆపితే అందరికీ వినపడుతుంది, అతనికి తప్ప. మోగిందో చచ్చిందో అక్కడున్న ప్రతివాడికీ తెలిసిపోతుంది, అతనొక్కడే నోరు తెరుచుకుని నిలబడాలి. చెవిమామ ఛాతీ విరిచాడు.

"నాకు మర ఒక లెక్కా అమ్మా! తిరగనీ. అది తిరిగినా ఒకటే, మానినా ఒకటే."

కుడి భుజం మీద కొట్టాడు. ఎడమ భుజం మీద కొట్టాడు. పాట వింటున్నవాడిలా కళ్లు మూసుకుని తల పంకించాడు. రెండిటి మీదా సున్నా చుట్టాడు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. మనుషులు వెంటనే గడ్డి చుట్టి, తాళ్లు బిగించి లారీ ఎక్కించేశారు. చూశారా, మనిషి తన గొయ్యి తనే ఎంత తెలివిగా తవ్వుకుంటాడో!

దూరంనుంచి చూసిపోయే బొమ్మే కదా, ఎక్కడో ఒక పగులుంటే మాత్రం ఏం కొంప మునిగింది అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఒక సాయంత్రం పని దిగి, ఎలా నిలబెట్టారో చూద్దామని పార్కుకి వెళ్లాడు. పూలమళ్ల మధ్య పచ్చిక మీద కాయ అప్పటికే లేచి నిలబడింది. క్రేను వెళ్లిపోతోంది. చెప్పొద్దూ, బాగుంది. ఎండ పడి పూత నిగనిగలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే, విచ్చుకున్న డొప్పల మధ్య, గింజల ఆకారంలో గుండ్రటి దిమ్మలు వరసగా ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"కూర్చోడానికి మామయ్యగారూ!" బొమ్మలమ్మాయి సంబరంగా అతనివైపు తిరిగి చెప్పింది గనక పెదాలు చూసి అంతా పోల్చుకున్నాడు. "మండుటెండలో కూడా లోపల చల్లగా ఉంటుంది. తల్లులు పిల్లల్ని తెచ్చుకుని కూర్చుంటారు. అందుకోసమేగా ఇంత తిప్పలు!"

దిమ్మల మీద నీడ పడుతోంది. తలెత్తి చూశాడు. ఎడమ భుజం. కూర్చున్న మనిషి నెత్తికి సరిగ్గా పైన వంగి ఉంది. దాని మీద ఇంకో ముక్క, దాని మీద ఇంకోటి, కొస దాకా. చెవిమామ చెయ్యి తన నెత్తి మీదికి పోయింది.

"ఏంటి అలా ఉన్నారు? రండి, కాసేపు కూర్చోండి" అని ఆ అమ్మాయి దిమ్మ చూపించింది.

"వద్దమ్మా, వద్దు" అంటూ ఒక్క ఉదుటున బయటికి వచ్చేశాడు.

చెప్పేద్దామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పార్కు అధికారి అటు వచ్చాడు. "నేను చెప్పింది ఈయన గురించేనండీ" అని బొమ్మలమ్మాయి చెవిమామని ముందుకి తోసింది. "ఈయన విని సరేనన్నాకే ఇక్కడ ఒక్కో ముక్కా లేచింది. నాకింకేం దిగులు లేదు." అధికారి చెయ్యి పట్టుకుని ఊపాడు. చెవిమామ నీళ్లు నమిలి, తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చేశాడు.

ఆ తర్వాత ముద్ద దిగితే ఒట్టు. కంటి మీద కునుకు లేదు. మోగే ఉంటుంది, బావ కాల్చిన సరుకు, అన్నీ పగులుతాయా ఏమిటి అనుకునేవాడు. అనుకున్న మరుక్షణం, మోగకపోయుంటే? వాన కురిసి నీళ్లు పగుల్లోకి దిగితే? ఎవడో కొంటెవాడు పైకెక్కి ఊగితే? కళ్లు మూస్తే చాలు, ఆ దిమ్మ మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. ఒకసారి పాలసీసా పట్టుకున్న పసిది, ఒకసారి కర్ర పక్కన పెట్టుకున్న ముసలాయన, ఒకసారి సాక్షాత్తూ తన భార్యే.

"మాట ఎలాగూ వినిపించుకోరు, ఇప్పుడు తిండి కూడా మానేశారా?" అని ఆవిడ గొడవ. ఆవిడ మాత్రం వీధిలో ఇంటింటికీ వెళ్లి, "మా ఆయన విని సరేనన్నాకే పెట్టారుట, ప్రారంభానికి మీరూ రావాలి" అని పిలిచి వచ్చింది. వద్దని ఎలా చెబుతాడు?

ప్రారంభం నాటి పొద్దున, జనం రాకముందే, బావని వెంటబెట్టుకుని పార్కుకి వెళ్లాడు. అతుకులు ఎలా కుదిరాయో చూద్దాం రమ్మన్నాడు. కాయ దగ్గరికి వచ్చాక జేబులోంచి కొయ్య సుత్తి తీసి ఇవ్వబోయాడు.

"ఎడమ భుజం ఒకసారి కొట్టు బావా."

"నేనెందుకు, నువ్వుండగా?"

"ఊరికే. నీకెలా వినపడుతుందో చూద్దామని."

బావ సుత్తి అందుకోలేదు. చెవిమామ మొహంలోకి అలాగే చూశాడు. తర్వాత పెదాలు బాగా కదిలేలా, మెల్లగా అన్నాడు. "నాకు తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"నీకు వినపడదని. ఏడాది దాటింది." బావ గొంతు సవరించుకున్నాడు. "మొదట ఒక చచ్చిన గొట్టం మీద నీ సున్నా చూసి ఎగిరి గంతేశా, ఇన్నాళ్లకి దొరికావురా బాబూ అని. మర్నాడు ఇంకోటి కనపడింది. అప్పుడు భయమేసింది. అప్పట్నుంచీ నువ్వు ఇంటికెళ్లాక ఒక్కోటీ నేను మళ్లీ కొట్టి చూస్తున్నా. చచ్చినవాటిని నేనే పగలగొట్టి కుప్పలో పడేస్తున్నా."

చెవిమామకి తల తిరిగిపోయింది. తన అరచెయ్యి, తన ఉపాయం, ఒక్క ఫిర్యాదూ రాకపోవడం, ఇదంతా బావ చాకిరీయా! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నువ్వు ఆ చెవులు చూసుకునేగా తలెత్తుకు తిరుగుతున్నావు! మా చెల్లెలు ఆ చెవుల గురించి చెప్పుకోని రోజుందా?"

కోపం రావాల్సింది, ఏడుపు వచ్చింది. ఏడవడానికి మాత్రం తీరికెక్కడిది? "మరి ఇవి? ఈ ముక్కలూ మళ్లీ కొట్టావా?"

బావ తల వంచుకుని ఏదో గొణిగాడు.

"మొహం పైకెత్తి చెప్పు బావా, నీకు పుణ్యముంటుంది!"

"కొట్టలేదు. వెంటనే గడ్డి చుట్టేశారుగా. ఆ పిల్ల చూస్తుండగా నీ వెనకాలే నేనూ కొడితే నీ పరువేం కాను?"

"ఇప్పుడు కొట్టు."

బావ సుత్తి తీసుకున్నాడు. కుడి భుజం మీద వేశాడు, తర్వాత ఎడమ భుజం మీద. చెవిమామ రెప్ప వెయ్యకుండా బావ మొహమే చూస్తున్నాడు. రెండో దెబ్బకి ఆ కళ్లలో ఏదో మెదిలినట్టయింది. అంతలోనే మొహం మామూలుగా అయిపోయింది.

"బాగానే ఉంది. మోగింది."

"నిజం చెప్పు."

"నిజమేనంటున్నాగా! పైన అంత బరువుంది, కాస్త బరువుగా మోగింది, అంతే. పద, టీ తాగుదాం."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్లెందుకయ్యా పొద్దున్నే!" అని బావ సుత్తి అతని చేతిలో పెట్టేసి, వెనక్కి తిరక్కుండా నడిచాడు.

నమ్మాలా వద్దా? ఏడాదిగా బావ చేస్తున్నది తనని కాపాడడమే. ఇప్పుడూ అదే చేస్తున్నాడేమో. పోనీ పగిలిందని ఒప్పుకుంటే, నలుగురిలో బావ మంటకీ మాట వస్తుంది. అలాగని నిజంగా మోగి ఉండకూడదనీ లేదు. చెవిమామ ఆ భుజానికి కుడి చెవి ఆనించి చూశాడు, ఎడమ చెవి ఆనించి చూశాడు, తనే సుత్తితో కొట్టుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. చల్లటి పూత చెంపకి తగిలింది, అంతే.

జనం రావడం మొదలైంది. కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. భార్య మంచి బట్టలు కట్టుకుని, ఇరుగుపొరుగుని వెంటేసుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని అతన్ని వేలితో చూపించి వాళ్లకి ఏదో చెబుతోంది. అధికారి మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. నోళ్లు ఆడుతున్నాయి, చేతులు చప్పట్లు కొడుతున్నాయి. ఇంతలో ఒక తల్లి, ఆగలేకపోయింది కాబోలు, చంటివాణ్ణి చంకనేసుకుని ఎండ తప్పించుకోవడానికి వెళ్లి చిక్కుడుకాయలో కూర్చుంది. సరిగ్గా ఎడమ భుజం కింద. వాడు దిమ్మ మీద నిలబడి చేతులు పైకెత్తి గెంతుతున్నాడు.

మోగిందో లేదో చెవిమామకి తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. సున్నా చుట్టాడంటే విన్నట్టు. తను వినలేదు.

ఎలా నడిచాడో అతనికే తెలియదు, కుర్చీల మధ్యనుంచి బొమ్మలమ్మాయి ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

"ఆపండమ్మా! ముందు ఆ తల్లిని బయటికి రమ్మనండి!"

ఎంత గట్టిగా అరిచాడో, జనమంతా ఒక్కసారి ఇటు తిరిగారు. దిమ్మ మీద ఉన్నావిడ తనని కాదనుకుని, కొడుకుని పట్టుకుని అలాగే చూస్తోంది.

"నాకు వినపడదు. చాన్నాళ్లయింది. ఆ రోజు మీరు మర ఆపుతానన్నారు, ఆపితే బయటపడిపోతానని వద్దన్నాను. నేను ఏమీ వినలేదు, ఊరికే సున్నా చుట్టాను. అది పగిలిందో లేదో నాకు తెలియదమ్మా. ఎవర్నీ దాని కింద కూర్చోనివ్వకండి."

ఎవరో నవ్వారు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బొమ్మలమ్మాయి మొహం ముందు పాలిపోయి, తర్వాత జేవురించింది. "అడిగాను కదా! నేను అడిగాను కదా మిమ్మల్ని! ఇన్ని రోజులా?" ఆ మాటలు మాత్రం చెవిమామకి ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఆ అమ్మాయి చెయ్యి చాచింది. సుత్తి ఇచ్చేశాడు.

ఆమె మైకు కట్టేయమంది. అందరినీ ఉష్ అంది. మాట్లాడుతున్న నోళ్లన్నీ మూతబడ్డాయి. ఆ గాభరాలో దిమ్మ మీదున్న తల్లిని ముందు లేపాలని ఎవరికీ తోచలేదు. ఆమె కుడి భుజం మీద ఒక దెబ్బ వేసింది. నాలుగడుగులు ఇటు వచ్చి, ఎడమ భుజం మీద వేసింది. మళ్లీ వేసింది.

చెవిమామకి ఆమె వీపే కనపడుతోంది. బావ వైపు చూశాడు. బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అధికారి వైపు చూశాడు. ఆయనకి ఏమీ అర్థమైనట్టు లేదు.

"ఏమంది?" అని అడిగాడు. ఎవరూ అతనివైపు తిరగలేదు. "ఏమందో చెప్పండి!"

అప్పుడు చూశాడు ఆ తల్లిని. దిగ్గున లేచి, కొడుకు నెత్తి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టి, వాణ్ణి గుండెకి కరుచుకుని, వంగి బయటికి పరుగెత్తింది. పచ్చిక దాటి, పూలమడి తొక్కుకుంటూ, దారి మీదికి వచ్చేదాకా ఆగలేదు. ఆమె వెనకే ముందు వరసలవాళ్లంతా కుర్చీలు వదిలేసి వెనక్కి జరిగారు.

చెవిమామ ఉన్నచోటే కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య వచ్చి పక్కన కూర్చుని అతని భుజం పట్టుకుంది. ఏమన్నా తిట్టిందో, ఓదార్చిందో అతనికి తెలియలేదు. దూరంగా దారి మీద ఆ చంటివాణ్ణే చూస్తున్నాడు.

"వాడికేం కాలేదు కదా?" అని అడిగాడు.

ఆవిడ కాలేదని తల ఊపింది. అతను మళ్లీ అడిగాడు. ఆవిడ మళ్లీ ఊపింది.